చెరువు గట్టున సముద్రపు వల

ఈమధ్య విజయవాడలో ఒక ఆడపిల్లల కాలేజీవాళ్ళు మహిళా దినోత్సవానికి నన్ను పిలిచారు. స్త్రీల చట్టపరమైన హక్కుల పోరాట చరిత్ర మీద పది నిమిషాలు మాట్లాడమన్నారు. నాకంటే ముందు ఒక లాయరుగారు లేచి ఓటుహక్కు, ఆస్తిహక్కు, సమాన వేతనం అన్నీ వరసగా చెప్పేశారు. నా వంతు వచ్చేసరికి పిల్లలు టిఫిను పొట్లాల వైపు చూస్తున్నారు. వాళ్ళను తప్పుపట్టను, నేనూ అటే చూస్తున్నాను. ఏవో నాలుగు ముక్కలు చెప్పి కూర్చున్నాను. భవానీపురం వచ్చే ఆటోలో ఎక్కాక, చెప్పాల్సిన ఒక్క సంగతీ చెప్పలేదని నామీద నాకే ఒళ్ళు మండింది. అదే ఇక్కడ రాస్తున్నాను. ముందే చెబుతున్నా, ఇందులో వీరనారీమణులు ఎవరూ లేరు. జెండాలు లేవు, ఊరేగింపులు లేవు. ఒక చెరువుంది, ఒక వల ఉంది, బోలెడంత ఎండ ఉంది.

నేను చేసింది సర్కారు కొలువే. మా శాఖకు పెద్ద పేరే ఉన్నా ఊళ్ళవాళ్ళు చేపలాఫీసు అనేవాళ్ళు, నన్ను చేపల మేడం అనేవాళ్ళు. పెళ్ళిళ్ళలో కనబడితే చుట్టాలు నా ఆరోగ్యం అడిగేవాళ్ళు కాదు, మంచి కొరమీను దొరికితే పంపించమనేవాళ్ళు. నా పరిధి కొల్లేటి వైపు ఊళ్ళు. ఎర్రబస్సు, ఆపైన జీపు, ఆపైన గట్టు మీద నడక. ఇప్పుడు మెట్లెక్కుతుంటే మోకాళ్ళు పలుకుతున్నాయంటే ఆ గట్ల పుణ్యమే.

ఆ ఊళ్ళలో చాలా చెరువులు ఎవరి సొంతమూ కావు, ఊరి సంఘానివి. చెరువులో చేపలు పట్టినప్పుడల్లా సంఘంలో సభ్యత్వం ఉన్నవాళ్ళకు తలా ఒక వాటా. సభ్యత్వం కావాలంటే చేపల పని తెలిసుండాలి. తెలుసో లేదో మేము వెళ్ళి పరీక్ష పెట్టాలి. చిరిగిన వల అల్లి చూపించాలి, చేత్తో విసిరే వల నీళ్ళలోకి విసిరి చూపించాలి. ఆ నిబంధన రాసినాయన ఎవరో గానీ మగవాళ్ళకే అని రాయలేదు. ఆడవాళ్ళకు వద్దనీ రాయలేదు. కొత్తగా ఆఫీసుల్లో చేరుతున్న అమ్మాయిలు ఇది గుర్తుపెట్టుకోండి. కాగితం మీద మనకు ఎవరూ అడ్డం ఉండరు.

ఇక పరీక్ష జరిగే తీరు వేరు. మేం జీపు దిగగానే కొబ్బరిబొండాలు కొట్టేవాళ్ళు. పందిట్లో కుర్చీలు వేసేవాళ్ళు. "ఏమయ్యా, వల విసరడం వచ్చా?" అని మా పెద్దసారు అడిగేవారు. "వచ్చండి" అనేవాడు కుర్రాడు. పాస్. నీళ్ళలో పుట్టి పెరిగినవాళ్ళకు పరీక్షేమిటని అందరి ఉద్దేశం.

ఒకరోజు పొద్దున్నే ఒకావిడ గంప మా ఆఫీసు వరండాలో దించి లోపలికొచ్చింది. బజారుకు రొయ్యలు తీసుకెళ్తూ ఆగింది. ఆ తర్వాత చాలాసార్లు అలాగే వచ్చింది కాబట్టి మా ఆఫీసులో ఆమెకు రొయ్యలావిడ అని పేరు పడిపోయింది. నేనూ అలాగే పిలుస్తాను.

"మేడంగారూ, సంఘంలో నన్ను చేర్చుకోవాలండి" అంది.

"ఎవరి తరఫున?"

"నా తరఫునేనండి."

కూర్చోమన్నాను. కూర్చోలేదు, చీరంతా రొయ్యల నీళ్ళు కారుతున్నాయంది. నిలబడే చెప్పింది. మొగుడు కామెర్లతో పోయాడు. మనిషి పోతే అతని వల అన్నదమ్ముల ఇంటికి పోవాలట, వలతోపాటు చెరువులో వాటా కూడా. అది ఆ ఊరి పద్ధతి. మగపిల్లాడుంటే పెద్దయ్యాక వాడికి తిరిగిస్తారు. ఈమెకున్నది ఒక్క ఆడపిల్ల, ఎనిమిదో తరగతి. వల వెళ్ళిపోయింది. వచ్చే చేపల పట్టుబడికి వాటా కూడా బావగారి పేరు మీదికి వెళ్ళిపోతుంది.

"బావగారింట్లో తిండికి లోటు చెయ్యరండి. కూర ఎంత వండాలో కూడా ఆయన్నడగాలి, అంతే. పిల్లని మాత్రం బడి మాన్పించి రొయ్యలు ఒలవడానికి పంపమంటన్నారు. నా వాటా నాకుంటే నా పొయ్యి నాకుంటదండి, పిల్ల బడికెళ్ళుద్ది."

నాకు తెలిసిన చట్టం నేను చెప్పాను. కూతుళ్ళకు ఆస్తిలో సమానవాటా ఉంది, భార్యకూ హక్కుంది అన్నాను. ఆమె శ్రద్ధగా విని, "అదంతా పొలానికంటగా మేడంగారూ. మాకు పొలమేదండీ, నీళ్ళేగా" అంది. చట్టం నేల దాకా వచ్చి గట్టు మీద ఆగిపోయింది.

మా పెద్దసారు మంచి మనిషి. మంచివాళ్ళతో పని చేయించడం ఎంత కష్టమో ఉద్యోగం చేసినవాళ్ళకే తెలుస్తుంది. ఆయన నన్నెప్పుడూ కసురుకోలేదు, ఏ పనికీ కాదనలేదు, ఏ పనీ చెయ్యలేదు. "పాపం, న్యాయమేనమ్మా. కానీ ఊళ్ళో తలనొప్పి మనకెందుకు? నేనా, రేపో మాపో రిటైరయ్యేవాణ్ణి" అన్నారు. నాకు తిక్క రేగింది. "అయితే కుదరదని రాసివ్వండి సార్. ఆవిడకిచ్చి పంపించేస్తాను" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కుదరదని నోటితో ఎవరైనా అంటారు, రాసివ్వమంటే ఒక్కడూ రాయడు. మూడోనాడు సంఘానికి పరీక్ష తేదీ వెళ్ళింది.

సంఘం ప్రెసిడెంటు కూడా పెద్దమనిషే, మాట బెల్లం. మా ఆఫీసుకే వచ్చాడు. "మేం కాదంటామా మేడంగారూ? చట్టం అందరికీ ఒకటేగా. వల ఇసిరితే సభ్యత్వం. మీరే వచ్చి కళ్ళారా చూసుకోండి" అన్నాడు. ఆయన ధీమా ఏమిటో నాకు తర్వాత అర్థమైంది. ఆ ఊళ్ళో వలలు అల్లేది ఆడవాళ్ళు, చిరుగులు బాగుచేసేది ఆడవాళ్ళు, ఎండబెట్టేది ఆడవాళ్ళు. ఆడది వల దాటకూడదు, విసరకూడదు. విసిరిన వలకు ఆ ఏడంతా చేప పడదని వాళ్ళ నమ్మకం. కనుక ఆమెకు వల ఇచ్చేవాడు ఊళ్ళో ఒక్కడు కూడా ఉండడు.

"నీకసలు విసరడం వచ్చా?" అని అడిగాను.

"మా నాన్నకి కొడుకుల్లేరండి. పడవలో నాచేతే ఇసిరించేవోడు. పెళ్ళయ్యాక ముట్టుకోలేదు గానీ, వచ్చండి."

వల సంగతి మా ఫీల్డుమన్ తన నెత్తిన వేసుకున్నాడు. బందరు దగ్గర సముద్రం ఒడ్డు ఊరతనిది. మనసు వెన్న, నోరు మాత్రం ఊరుకోదు. కొల్లేటివాళ్ళు చేసేదసలు వేటే కాదని, మోకాటి లోతు నీళ్ళలో ఆటలని అతని అభిప్రాయం. "మీరు దిగులెట్టుకోకండి మేడం. వల నేను తెత్తా. అట్టాంటిట్టాంటి వల కాదు" అన్నాడు. నేను నా మిగతా పనుల్లో పడిపోయాను.

పరీక్ష రోజు జీపు మీద పెద్ద గోనెమూట కట్టుకుని వచ్చాడు. మేం వెళ్ళేసరికి ఊరు ఊరంతా చెరువుగట్టు మీదే ఉంది. మగవాళ్ళు పందిట్లో, ఆడవాళ్ళు గట్టుకు అవతల. పరీక్షకు ఈమె ఒక్కతే కాదు, సభ్యుల కొడుకులు ఏడెనిమిది మంది కూడా ఉన్నారు. దాదాపు అందరూ విజయవాడ హాస్టళ్ళలో ఉండి చదువుకునే పిల్లలు. పేరు ఎక్కించుకుని సాయంత్రం బస్సుకు వెళ్ళిపోదామని ఇస్త్రీ చొక్కాలతో వచ్చారు. రొయ్యలావిడ చీర గోచీ పెట్టి బిగించి కట్టుకుని ఒక పక్కన నిలబడి ఉంది. వాళ్ళ పిల్ల బడి యూనిఫారంలోనే గట్టు మీద కూర్చుంది.

చిరుగు అల్లడం ఆమెకు లెక్కే కాదు. తర్వాత మా ఫీల్డుమన్ గోనె విప్పి వల చేతికిచ్చాడు. ఎత్తగానే ఆమె మొహం మారిపోయింది.

"ఇదెక్కడి వలండీ?" అంది మెల్లగా.

"మా బావమరిదిది. సముద్రపు వలమ్మా" అన్నాడతను, మొహం వెలిగిపోతూ.

అప్పుడు చూశాను. అంచున సీసపు గుళ్ళు ఒక్కొక్కటి నా బొటనవేలంత ఉన్నాయి. అలల్లోకి మునగడానికి చేసిన వల అది. చెరువు వల పిల్లలు కూడా భుజాన వేసుకుని పోతారు, దీన్ని మోయడానికే మనిషి కావాలి. మంచి వల తెస్తే మంచి జరుగుతుందనుకున్నాడు ఆ మహానుభావుడు. అతన్ని తిట్టడానికి కూడా నాకు నోరు రాలేదు. వేరే వల ఎవరైనా ఇస్తారా అని పందిరి వైపు చూశాను. అందరూ చెరువు వైపు చూస్తున్నారు. "కానివ్వండమ్మా, ఎండ ముదురుతోంది" అన్నారు మా పెద్దసారు.

ఆమె తాడు మణికట్టుకు కట్టుకుంది. వల మడతలు మోచేతి మీద వేసుకుని, అంచు పళ్ళ మధ్య పట్టుకుని, నడుం తిప్పి విసిరింది. ఆ బరువు ఆమెనే ముందుకు లాగేసింది. వల విప్పుకోకుండా ముద్దగా ఒడ్డునే పడింది, బురద ఎగిరి మా బల్ల మీద పడింది. లాక్కుని మళ్ళీ విసిరింది. ఈసారి సగం విచ్చుకుని మడత పడిపోయింది. పందిట్లో ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

"పోన్లేమ్మా" అన్నాడు ప్రెసిడెంటు, ఎంతో దయగా. "ఆడకూతురివి, చెయ్యి నొప్పి పుట్టుద్ది. ఇంటికెళ్ళు. మీ బావ చూసుకుంటాడుగా."

బావగారు అక్కడే కూర్చుని తలూపాడు. గట్టు మీద పిల్ల లేచి నిలబడింది.

నేను చేసింది ధైర్యం అనుకోకండి. పొద్దుటినుంచి బొండాం నీళ్ళు తప్ప కడుపులో ఏమీ లేదు, ఎండకు తల పగిలిపోతోంది, పైగా ఆ 'పోన్లేమ్మా' ఒకటి. "తర్వాత ఎవరు?" అన్నాను గట్టిగా.

ఎవరికీ అర్థం కాలేదు. "వాళ్ళకెందుకండీ, మా పిల్లలేగా" అన్నాడు ప్రెసిడెంటు.

"ఆవిడా మీ ఊరి పిల్లేగా. చట్టం అందరికీ ఒకటేనని మీరే అన్నారు. వల తీసుకోమనండి."

"ఏమ్మా, భోజనాల వేళ..." అని మా పెద్దసారు గొణిగారు. నేను వినిపించుకోలేదు.

మొదట ప్రెసిడెంటుగారి అబ్బాయే రావలసి వచ్చింది, ఇంజనీరింగు చదువుతున్న పిల్లాడు. తాడు ఏ చేతికి కట్టుకోవాలో వాడికి తెలియలేదు. వాడు విసిరిన వల వాడి కాళ్ళ దగ్గరే పడింది. రెండోవాడు వలతోపాటు తనూ చెరువులోకి వెళ్ళిపోయాడు. ముగ్గురు పెద్దవాళ్ళు దిగి పైకి లాగితే నెత్తిన గుర్రపుడెక్క మొక్కతో వచ్చాడు. గట్టు అవతల ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. ఆ గుంపులో కాలేజీకి పోకుండా తండ్రితో వేటకెళ్ళే కుర్రాడొకడున్నాడు, వాడు మాత్రం సగం పైగా విచ్చేటట్టు విసిరాడు. మిగతా పిల్లలు ఎవరి వెనకాల ఎవరు దాక్కోవాలా అని చూస్తున్నారు.

పెద్దలంతా పక్కకు వెళ్ళి మాట్లాడుకున్నారు. ప్రెసిడెంటు చెమట తుడుచుకుంటూ తిరిగొచ్చాడు.

"మేడంగారూ, ఈ వల మన చెరువుది కాదండి. సముద్రపు వలతో పరీక్షేంటండీ?"

ఆమె విసిరినప్పుడు ఆ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. "మరేం చేద్దామంటారు?" అన్నాను.

"అందర్నీ పాసు చేసెయ్యండి."

"అందర్నీ అంటే?"

ఆయన ఆమె వైపు చూశాడు, కొడుకు వైపు చూశాడు. "అందర్నీనండి" అన్నాడు.

మా పెద్దసారు అప్పటికే పెన్ను మూత తీశారు. అంతటితో అయిపోయిందనుకున్నాను. "నాకొద్దండి" అని వినబడింది. రొయ్యలావిడ వల మళ్ళీ చేతిలోకి తీసుకుని నిలబడి ఉంది.

"ఆ కుర్రాళ్ళతో కలిపి గంపలో ఏసినట్టు ఏత్తే నాకొద్దండి. చెరువు వల ఇప్పించండి, ఇసిరి చూపిత్తా. నాకొచ్చండి."

"ఎవరిస్తారు నీకు వల?" అన్నాను. ఆమె పందిరి వైపు చూసింది. రెక్క పట్టుకుని గట్టు దిగువకు లాక్కెళ్ళాను. నా గొంతు నాకే కటువుగా వినబడింది.

"చూడమ్మాయ్, ఈ ఆఫీసుల్లో నా జుట్టు తెల్లబడింది. మనకు వచ్చిందేదీ తిన్నగా గుమ్మంలోంచి రాలేదు. వాళ్ళకేదో అవసరం పడినప్పుడు దాని తోక పట్టుకుని వచ్చింది. వచ్చింది పుచ్చుకో. నీ పిల్ల బడి సంగతి చూడు."

"రేపు ఊళ్ళో ఏమంటారండీ? చేతగాకపోయినా జాలిపడి ఇచ్చామంటారు."

"అనుకోనీ. జాలిపడి ఇచ్చారని వాటాలో చేపలు తగ్గవు."

ఆమె కాళ్ళ బురద గట్టు గడ్డికి తుడుచుకుంది. తర్వాత నన్ను సూటిగా అడిగింది. "మేడంగారూ, నాకు వల ఇసరటం వచ్చని మీరు నమ్ముతున్నారా?"

పైనుంచి జీపు హారను మోగింది. నేను చూసింది ముద్దగా పడిన వలే కదా. "ముందు సంతకం పెట్టమ్మా" అన్నాను. పెట్టింది. నా మొహం చూడలేదు.

ఆ పట్టుబడికి ఆమె వాటా ఆమె గుమ్మంలోకి వచ్చింది. పిల్ల బడి మానలేదు. మరుసటేడు ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు, ఆపైన ఇంకొందరు సభ్యులయ్యారు, అందరూ అదే 'అందర్నీ' కిందనే. ఎక్కడ మీటింగు జరిగినా ప్రెసిడెంటు లేచి, మా ఊళ్ళో ఆడవాళ్ళకి హక్కు మేమే ఇచ్చామండీ అనేవాడు. నేను వేదిక మీద కూర్చుని చప్పట్లు కొట్టేదాన్ని. ఎన్ని చోట్ల ఎన్నిసార్లు అలా కొట్టానో. పోట్లాడినవాళ్ళు ఇంటికి పోయి పడుకుంటారు, కాదన్నవాళ్ళు దండలు వేయించుకుంటారు. అసలు జరిగింది చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టి చెప్పడం మానేశాను.

రొయ్యలావిడ మళ్ళీ మా ఆఫీసు మెట్లెక్కలేదు. బజారుకు మా వీధినే వెళ్ళేది, తల తిప్పేది కాదు. నాకు బాధగానే ఉండేది, కోపంగానూ ఉండేది. ఆమెకు మేలు చేశాననుకున్నానా, ఆమె నన్ను ఒక్కమాట అడిగితే చెప్పలేకపోయాను. ఇక మా ఫీల్డుమన్ రిటైరయ్యేదాకా ఒకటే గొడవ. "మేడం, మా బావమరిది వల ఆవిడ దగ్గరే ఉండిపోయింది, అడిగి ఇప్పించండి" అని. ఎవరు అడుగుతారు?

పోయిన ఎండాకాలం నాకొక ఫోను వచ్చింది. "మేడం, నేను గుడివాడలో టీచర్ని" అంది ఒకమ్మాయి. ఎవరో పోల్చుకోలేకపోయాను. "ఆ రోజు గట్టు మీద యూనిఫారంలో ఉన్నాను కదండీ" అంది. మళ్ళీ పరీక్ష పెడుతున్నారట, వాళ్ళమ్మ నన్ను రమ్మంటోందట. ఈ మోకాళ్ళతో ఎక్కడికీ రాలేనని చెప్పాను. చెప్పి, మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను.

అదే గట్టు, అదే పందిరి. మా కుర్చీల్లో కొత్త ఆఫీసరమ్మాయి ట్యాబు పట్టుకుని కూర్చుంది. రొయ్యలావిడ ఇప్పుడు సంఘం కమిటీలో ఉంది. జుట్టు నెరిసింది, మనిషి ఇంకాస్త ఎండిపోయింది. సభ్యత్వానికి వచ్చిన కుర్రాళ్ళు, అమ్మాయిలు వరసలో నిలబడ్డారు. "వల విసరడం వచ్చా?" అని ఆఫీసరమ్మాయి అడుగుతోంది. వచ్చు, వచ్చు అంటున్నారు.

"ఆగండమ్మా" అంది రొయ్యలావిడ. ఇంట్లోంచి గోనెమూట ఒకటి భుజాన వేసుకుని వచ్చింది. విప్పగానే గుర్తుపట్టాను, ఆ సీసపు గుళ్ళు.

"మీకెందుకండీ? మీరు మెంబరేగా" అంది ఆఫీసరమ్మాయి.

"నాకింకా పరీక్ష అవలేదమ్మా."

చీర గోచీ పెట్టుకుంది. తాడు కట్టుకుంది. అంచు పళ్ళ మధ్య పట్టుకుని విసిరింది. వల విచ్చుకుంది. పూర్తి గుండ్రమని అబద్ధం చెప్పను, ఒక పక్క కొంచెం నొక్కుకుంది. కానీ గుళ్ళన్నీ ఒక్కసారే నీళ్ళను తాకాయి, ఆ చప్పుడు పందిట్లోకి వినిపించింది. ఆమె మెల్లగా లాక్కుంది. గుర్రపుడెక్క తప్ప ఏమీ పడలేదు. తడి వలతోనే నా దగ్గరకొచ్చి నిలబడింది. ఇన్నేళ్ళ తర్వాత నా మొహం చూసింది.

"ఇప్పుడు రాయండి మేడంగారూ" అంది.

నా సంచిలో మంచినీళ్ళ సీసా, మోకాళ్ళ మాత్రలు తప్ప ఏమీ లేవు. రాసే అధికారమూ లేదు. ఆ మాటే చెప్పాను. "పర్లేదండి, ఇంటికెళ్ళి రాయండి" అంది.

రాస్తున్నాను. ఆమెకు వల విసరడం వచ్చు.